బుల్లెట్ మీది గీత ఎంత చెబుతుంది?

ఫోరెన్సిక్ సైన్స్ చదవడానికి వచ్చే పిల్లలకు నేను తుపాకుల పాఠం చెబుతాను. అంతకుముందు చాలా ఏళ్లు ఒక ప్రభుత్వ ప్రయోగశాలలో, బాలిస్టిక్స్ విభాగంలో పనిచేశాను. ఏటా కొత్త బ్యాచ్‌లో ఎవరో ఒకరు చేతికి రివాల్వర్ ఇవ్వగానే వెనక్కి తగ్గుతారు. పోయినేడు అలా తగ్గింది ఒక గుంటూరు అమ్మాయి. "మేడమ్, మా ఇంట్లో కాలి కింద చీమ పడినా బాధపడతారు. దీన్ని పట్టుకుంటే పాపం కాదా?" అని అడిగింది.

ఆ ప్రశ్నను నేను ఎప్పుడూ తేలిగ్గా తీసుకోలేదు. అయితే దానికి జవాబు మరీ కష్టమైనదేమీ కాదు. మన బల్ల మీదికి చేరేసరికి తుపాకీ చేయగలిగిన కీడు చేసేసి ఉంటుంది. ఇక దాన్నుంచి రాబట్టవలసింది నిజం ఒక్కటే. విజయదశమి నాడు పోలీసు ఆయుధాగారాల్లో తుపాకులకు పసుపు కుంకుమలు పెట్టి పూజ చేస్తారు. నేనూ ఆ పూజల్లో చేతులు జోడించి నిలబడ్డాను, మనస్ఫూర్తిగానే. పాపభీతి కలగవలసిన చోటు వేరే ఉంది. అది మనం రాసే నివేదికలో చివరి వాక్యం. మృతుడి శరీరంలోంచి తీసిన బుల్లెట్ ఫలానా తుపాకీ నుంచే వచ్చిందని అక్కడ రాస్తాం. పేలినప్పుడు మనం అక్కడ లేం. పేల్చిన చేతిని చూడలేదు. అయినా మన సంతకం చూసి ఒక మనిషికి యావజ్జీవం వేస్తారు, ఒక్కోసారి ఉరి కూడా వేస్తారు. కంటితో చూడని సంగతిని అంత గట్టిగా చెప్పే అధికారం మనిషికి ఎక్కడినుంచి వస్తుంది? వచ్చినా ఎంతవరకు వస్తుంది? నా వృత్తిలోని ధర్మసంకటమంతా ఇదే.

అది తేల్చుకోవాలంటే ముందు వస్తువు తెలియాలి. తుపాకీ చేతికి రాగానే గొట్టాన్ని మనుషులు లేని వైపు తిప్పాలి. మ్యాగజైన్ తీసేయాలి. స్లయిడ్ వెనక్కి లాగి ఛాంబర్‌లోకి కంటితో చూడాలి, వేలు పెట్టి తడమాలి. పక్కనున్నవాళ్లు "ఖాళీదే, చూశాం" అన్నా సరే, ఇదంతా మళ్లీ చేయాలి. ఇక్కడ ఇంకొకరి మాట ప్రమాణం కాదు, ప్రత్యక్షమే ప్రమాణం. పిల్లలు నేర్చుకునే మొదటి ప్రమాణ విచారం ఇదేనని నేననుకుంటాను.

తూటాలో నాలుగు భాగాలుంటాయి: ఇత్తడి గుల్ల, దాని అడుగున ప్రైమర్, లోపల మందు, మూతి దగ్గర బుల్లెట్. ట్రిగ్గర్ నొక్కితే ఫైరింగ్ పిన్ వెళ్లి ప్రైమర్‌ను కొడుతుంది. ఆ దెబ్బకు ప్రైమర్ మండి మందుకు నిప్పంటిస్తుంది. మందు రెప్పపాటులో వాయువుగా మారి బుల్లెట్‌ను ముందుకు నెడుతుంది, గుల్లను అంతే బలంగా వెనక్కి అదుముతుంది. అందువల్ల ఒక్క పేలుడుతో రెండు చోట్ల గుర్తులు పడతాయి. గుల్ల అడుగున ఫైరింగ్ పిన్ చేసిన గుంట, దాని చుట్టూ గుల్ల వెనక ఆనుకునే బ్రీచ్ ముఖపు గరుకుతనం అచ్చుపడతాయి. బుల్లెట్ పక్కల మీద గొట్టం లోపలి గీతలు పడతాయి. పిస్తోలైతే గుల్లను బయటికి లాగే కొక్కెం గుర్తు కూడా అంచు మీద మిగులుతుంది.

రైఫిల్, పిస్తోలు, రివాల్వర్ గొట్టాల లోపల మెలితిరిగిన గాడులు కోసి ఉంటాయి. గాడికీ గాడికీ మధ్య మిగిలిన గట్లు బుల్లెట్ లోహంలోకి దిగబడి దాన్ని గిరగిరా తిప్పుతాయి. అలా తిరిగితేనే బుల్లెట్ గాలిలో పల్టీలు కొట్టకుండా సూటిగా పోతుంది. ఎన్ని గాడులు, ఎంత వెడల్పు, ఏ వైపు మెలిక అనేది తయారీదారు ముందే నిర్ణయిస్తాడు. స్మిత్ అండ్ వెసన్ రివాల్వర్లలో మామూలుగా ఐదు గాడులు, కుడి మెలిక. కోల్ట్‌లో ఆరు, ఎడమ మెలిక. వెబ్లీలో ఏడు, కుడివైపు. మన పోలీసు ఠాణాలన్నిటికీ తెలిసిన పాత .303 లీ ఎన్‌ఫీల్డ్ రైఫిల్‌లో ఐదు, ఎడమవైపు. ఇవి జాతి లక్షణాలు. బుల్లెట్ మీద ఆరు ఎడమ గాడుల అచ్చు ఉండి, నిందితుడి దగ్గర దొరికిన రివాల్వర్‌లో ఐదు కుడి గాడులుంటే ఆ రివాల్వర్ నిర్దోషి అని అక్కడే తేలిపోతుంది. కాదు అని చెప్పడానికి ఒక్క తేడా చాలు. ఔను అని చెప్పడానికి ఎన్ని పోలికలు చాలతాయి?

జాతి లక్షణాలు కలిసిన తర్వాత వ్యక్తి లక్షణాలు వెతుకుతాం. గాడులు కోసే పనిముట్టు ప్రతి కోతకూ కాస్త అరుగుతుంది. ఇనుప రజను ఇరుక్కుని కొత్త గీత గీస్తుంది. ఆపైన వాడకంలో తుప్పు, మసి, శుభ్రం చేసేటప్పుడు కడ్డీ గీరిన గాట్లు చేరతాయి. అందుకే ఒకే కర్మాగారంలో ఒకే రోజు పుట్టిన రెండు గొట్టాల లోపల కూడా సూక్ష్మంగా తేడాలుంటాయి. నిందితుడి తుపాకీని నీళ్ల ట్యాంకులోకి పేల్చి, బుల్లెట్ చెదరకుండా తీసి, కంపారిజన్ మైక్రోస్కోప్ కింద పెడతాం. ఎడమ సగంలో శవంలో దొరికిన బుల్లెట్, కుడి సగంలో మనం పేల్చిన బుల్లెట్, మధ్యలో సన్నటి గీత. ఒకదాన్ని మెల్లగా తిప్పుతూ పోతే ఒక చోట ఇటు గీతలు అటు గీతల్లోకి కొనసాగినట్టు కలుస్తాయి. 1920ల్లో న్యూయార్క్‌లో కాల్విన్ గొడార్డ్, ఫిలిప్ గ్రావెల్ తదితరులు ఈ పద్ధతిని నిలబెట్టారు. మన దేశంలో తుపాకుల పరీక్ష కోసం 1930లో కలకత్తా పోలీసుల దగ్గర ఒక చిన్న ప్రయోగశాల మొదలైంది.

ఆ గీతలు కలిసిన క్షణం ఎంత బలమైనదో చూసినవాళ్లకే తెలుస్తుంది. దొరికింది అనిపిస్తుంది. ఇక సందేహమే లేదనిపిస్తుంది. పిల్లల్ని నేను అక్కడే ఆపుతాను. ఆపాలని నాకు నేర్పింది మా నాన్నగారు.

ఆయన గోదావరి ఒడ్డున ఒక సంస్కృత పాఠశాలలో తర్కం చెప్పేవారు. నేను ఎమ్మెస్సీలో చేరిన ఏడు వేసవిలో తర్కసంగ్రహం నా ముందు పెట్టారు. అది 17వ శతాబ్దపు మన తెలుగువాడు అన్నంభట్టు రాసిన చిన్న గ్రంథం. తర్కం చదివే పిల్లలకు దేశమంతటా ఈనాటికీ అదే తొలి పాఠం. "నువ్వు చేయబోయేది పరార్థానుమానం. నువ్వు తెలుసుకుంటే చాలదు, ఇంకొకరికి తెలిసేట్టు చెప్పాలి. దానికి ఐదు అవయవాలు కావాలి" అన్నారు నాన్నగారు. కొండ మీద నిప్పుందని చెప్పాలి, అది ప్రతిజ్ఞ. పొగ కనిపిస్తోంది గనక, అది హేతువు. పొగ ఉన్నచోటల్లా నిప్పు ఉండడం వంటింట్లో చూశాం, అది ఉదాహరణ. ఈ కొండ మీదా అలాంటి పొగే ఉంది, అది ఉపనయం. కాబట్టి నిప్పుంది, అది నిగమనం.

ప్రయోగశాలలో చేరాక పాత నివేదికలు తిరగేస్తుంటే నాకు ఈ ఐదూ గుర్తుకొచ్చేవి. ఈ బుల్లెట్ ఈ తుపాకీది అని ప్రతిజ్ఞ ఉండేది. గీతలు సరిపోయాయని హేతువు ఉండేది. కాబట్టి ఈ తుపాకీదే అని నిగమనం ఉండేది. ఉదాహరణ మాత్రం ఉండేది కాదు. గీతలు ఇంతగా కలిసిన చోటల్లా గొట్టం ఒక్కటే అయి తీరుతుందని ఎక్కడ చూశారు? ఎన్ని గొట్టాల్లో చూశారు? వేరే గొట్టాలతో పోల్చినప్పుడు ఎప్పుడైనా ఇంతగా కలిశాయా? ఆ వాక్యం నివేదికలో ఉండదు. రాసినవారి అనుభవం మీద నమ్మకముంచి చదివేవాళ్లు దాన్ని తామే పూరించుకోవాలి.

అనుభవం చాలదా అని నేను నాన్నగారినే అడిగాను. ఆయన దీపిక తెరిచారు. అది అన్నంభట్టు తన గ్రంథానికి తానే రాసుకున్న వ్యాఖ్య. మళ్లీ మళ్లీ కలిసి కనిపించినంత మాత్రాన వ్యాప్తి, అంటే ఒకటి ఉన్నచోట రెండోది ఉండి తీరుతుందనే నియమం, తెలిసినట్టేనా అనే శంక అందులో ఉంది. దానికి అన్నంభట్టు చూపిన ఉదాహరణ చూసి నాకు ఒళ్లు గగుర్పొడిచింది. మట్టి స్వభావం గల వస్తువులన్నీ ఇనుముతో గీస్తే గీత పడేవే. వందసార్లు చూసినా అంతే. కానీ వజ్రం దగ్గర ఆ నియమం తప్పింది, దాని మీద ఇనుప గీత పడదు. గీతలతోనే బతుకుతున్న నాకు, నాలుగు వందల ఏళ్ల కింద ఒక తెలుగు తార్కికుడు గీతల్నే సాక్ష్యంగా నిలబెట్టి హెచ్చరించినట్టయింది. వందసార్లు చూశాను అన్నది ప్రమాణం కాదు. నియమం తప్పిన సందర్భం ఉందా అని వెతికి, అలాంటిది లేదని తేలినప్పుడే వ్యాప్తి నిలబడుతుందని ఆయన సమాధానం.

అంతకంటే పాతదైన న్యాయసూత్రాల్లో ఇంకో వాదం ఉంది. గుర్తును బట్టి కారణాన్ని తెలుసుకోవడం కుదరదని పూర్వపక్షి అంటాడు. నది పొంగితే పైన వాన కురిసిందంటారు, కానీ ఎక్కడో అడ్డుపడినా నది పొంగవచ్చు. చీమలు గుడ్లు మోసుకుపోతుంటే వాన వస్తుందంటారు, పుట్ట చెదిరినా అవి మోసుకుపోవచ్చు. నెమలి కూసిందంటారు, కూసింది నెమలి గొంతును అనుకరించే మనిషి కావచ్చు. దీనికి సిద్ధాంతి ఇచ్చిన జవాబును వాత్స్యాయనుడు తన భాష్యంలో వివరించాడు. వానకు వచ్చిన వరద వేరుగా ఉంటుంది: వడి ఎక్కువ, నురగ, ఆకులు, కాయలు, కట్టెలు కొట్టుకొస్తాయి. పుట్ట చెదిరినప్పుడు కదిలేవి కొన్ని చీమలే. నెమలి అసలు కూతను పాములాంటి ప్రాణులు గుర్తుపడతాయి. తేడా పట్టుకోలేకపోతే ఆ నేరం గుర్తును బట్టి తెలుసుకునే అనుమాన ప్రమాణానిది కాదని, దాన్ని వాడిన మనిషిదని ఆయన తేల్చాడు.

మైక్రోస్కోప్ ముందు కూర్చున్న ప్రతి విద్యార్థి చేతా ఈ మూడు ప్రశ్నలూ అడిగిస్తాను. ఈ గీతకు వేరే కారణం ఉందా? బుల్లెట్ ఎముకకు తగిలినా, గోడకు తగిలి మళ్లినా, పోస్టుమార్టం బల్ల మీద ఇనుప పట్టకారుతో పట్టి తీసినా గీతలు పడతాయి. కలిసింది కాస్తా, పూర్తిగానా? ఏ రెండు బుల్లెట్లు తీసుకున్నా నాలుగు గీతలు ఎక్కడో ఒకచోట కలుస్తాయి. మూడోదైన నెమలి కూత ప్రశ్న అన్నిటికంటే ప్రమాదకరమైనది. గాడులు కోసే పనిముట్టుకే ఒక లోపం ఉంటే, అది వరసగా కోసిన కొన్ని గొట్టాల్లో అదే గీత పడుతుంది. చూడడానికి వ్యక్తి లక్షణంలా ఉంటుంది, నిజానికి అది కొద్దిపాటి గుంపు లక్షణం. దీన్ని సబ్‌క్లాస్ అంటారు. దాన్ని వ్యక్తి లక్షణమని పొరబడితే ఒక తుపాకీ చేసిన పనిని దాని తోబుట్టువు మీద మోపినట్టే.

ఇదంతా పాఠశాల శంక అనుకోవద్దు. 1915లో న్యూయార్క్ రాష్ట్రంలో చార్లెస్ స్టీలో అనే వ్యవసాయ కూలీ మీద రెండు హత్యల నేరం మోపారు. చదువు రానివాడు. నిపుణుడినని చెప్పుకుంటూ కోర్టులు తిరిగే ఆల్బర్ట్ హామిల్టన్ వచ్చి, చంపిన బుల్లెట్లు స్టీలో రివాల్వర్‌వేనని సాక్ష్యం చెప్పాడు. మరణశిక్ష పడింది. విద్యుత్ కుర్చీ దాకా వచ్చి ఆగిన ఆ కేసును తిరిగి విచారించినప్పుడు, మాక్స్ పోజర్ అనే సూక్ష్మదర్శిని నిపుణుడు బుల్లెట్లు చూశాడు. చంపిన బుల్లెట్ల మీద కనిపించిన తయారీ లోపం స్టీలో తుపాకీలో లేదు. 1918లో గవర్నర్ విడుదల చేశాడు. తర్వాత న్యూయార్క్‌లో గొడార్డ్‌తో కలిసి పనిచేసిన చార్లెస్ వెయిట్ ఈ కేసు విచారణలో పనిచేసినవాడే. అంటే మా శాస్త్రం పుట్టిందే ఒక అబద్ధపు నిపుణుడి వల్ల చావబోయిన అమాయకుడి కేసులోంచి. ఈ సంగతిని పిల్లలకు మొదటి వారంలోనే చెప్పాలని నా పట్టుదల.

శాస్త్రం పెరిగింది కదా, ఇక అలా జరగదని అనుకునేవాళ్లకు ఆంథొనీ రే హింటన్ కథ చెబుతాను. 1985లో అమెరికాలోని అలబామా రాష్ట్రం, బర్మింగ్‌హామ్ ప్రాంతంలో రెండు హోటళ్ల మేనేజర్లను దొంగలు కాల్చి చంపారు. మూడో హోటల్ మేనేజర్ గాయపడి బతికాడు, హింటన్‌ను గుర్తుపట్టానన్నాడు. ఆ మూడో దాడి జరిగిన సమయానికి హింటన్ తాళాలు వేసిన గోదాములో రాత్రి పనిలో ఉన్నాడు. వేలిముద్రలు లేవు. ఉన్నదల్లా వాళ్లమ్మ ఇంట్లో దొరికిన ఒక పాత .38 రివాల్వర్. మూడు చోట్లా దొరికిన ఆరు బుల్లెట్లూ ఆ రివాల్వర్‌వేనని ప్రభుత్వ నిపుణులు చెప్పారు. కేసంతా ఆ ఒక్క వాక్యం మీద నిలబడింది.

అతను పేదవాడు. కోర్టు ఇచ్చిన న్యాయవాది, నిపుణుడికి ఇవ్వడానికి వెయ్యి డాలర్లకు మించి రావని అనుకున్నాడు. చట్టంలో అలాంటి పరిమితి అప్పటికే లేదు, ఆయన చూసుకోలేదు. ఆ డబ్బుకు దొరికిన నిపుణుడికి ఒక కన్ను మాత్రమే ఉంది. మైక్రోస్కోప్ వాడడంలో ఇబ్బంది పడ్డానని ఆయనే కోర్టులో ఒప్పుకున్నాడు. బుల్లెట్లు సరిపోలలేదని ఆయన చెప్పింది జ్యూరీ నమ్మలేదు. మరణశిక్ష పడింది. తర్వాత ముగ్గురు పేరున్న నిపుణులు ఆ బుల్లెట్లను చూసి, అవి ఆ రివాల్వర్ నుంచి వచ్చాయని చెప్పలేమన్నారు. అయినా ఏళ్లు గడిచాయి. 2014లో అమెరికా సుప్రీంకోర్టు అతనికి సరైన న్యాయసహాయం అందలేదని తేల్చింది. చివరికి ప్రభుత్వ నిపుణులే మళ్లీ చూసి సరిపోలిక చూపలేకపోయారు. 2015 ఏప్రిల్ 3న విడుదలయ్యాడు. జైల్లో దాదాపు ముప్ఫై ఏళ్లు. అప్పటికి వాళ్లమ్మ లేదు.

అక్కడ తుపాకీ అబద్ధం చెప్పలేదు. బుల్లెట్ అబద్ధం చెప్పలేదు. సాక్ష్యం చెప్పిన నిపుణులు అబద్ధమని తెలిసే చెప్పారని కూడా నేననను. తమకు తెలిసినదాని కంటే ఎక్కువ చెప్పారు. నా దృష్టిలో అసత్యం కిందికే అది వస్తుంది. మనం అబద్ధం అనేసరికి తెలిసి తప్పు చెప్పడమే అనుకుంటాం. తెలిసినదానికి ఒక్క పిసరు కలిపి చెప్పినా సత్యవ్రతం భంగమే. ఆప్తుడు, అంటే మాట నమ్మదగినవాడు, ఎవరని న్యాయభాష్యం అడిగినచోట రెండు షరతులున్నాయి. విషయం సాక్షాత్తూ తెలిసి ఉండాలి. తెలిసింది తెలిసినట్టే చెప్పాలనే కోరిక ఉండాలి. రెండోది ఉన్న మంచివాళ్లు మా వృత్తిలో చాలామంది ఉన్నారు. మొదటిది తమకు ఎంతవరకు ఉందో కొలుచుకున్నవాళ్లు తక్కువ.

కొలవడం సాధ్యమే. ఒకదాని తర్వాత ఒకటిగా కోసిన పది రూగర్ పిస్తోలు గొట్టాల నుంచి పేల్చిన బుల్లెట్లను నిపుణులకు పంపి పరీక్షిస్తే, పక్కపక్కన పుట్టిన గొట్టాలను కూడా వాళ్లు వేరుచేసి చెప్పగలిగారు. మా విద్య గాలిలో మేడ కాదనడానికి అది ఆధారం. మరోవైపు అమెరికా అధ్యక్షుడి శాస్త్ర సలహా మండలి 2016లో ఈ రంగాన్ని పరిశీలించి, సరిగ్గా రూపొందించిన పరీక్ష తమకు ఒక్కటే కనిపించిందని రాసింది. అందులో వేర్వేరు తుపాకుల నుంచి వచ్చిన గుల్లలను రెండు వేలకు పైగా సార్లు పోల్చారు. 22 సార్లు ఒకే తుపాకీవని తప్పు చెప్పారు. 735 సార్లు తేల్చలేమన్నారు. తేల్చి చెప్పినవాటి వరకే చూస్తే 66కు ఒక తప్పు, అది 46కు ఒకటి దాకా కూడా ఉండవచ్చని లెక్క. మా వృత్తిలోని వాళ్లు ఆ నివేదిక మీద మండిపడ్డారు, తర్వాత ఇంకా పరీక్షలు జరిగాయి, వాదం నడుస్తూనే ఉంది. నాకైతే కోపం రాలేదు. ఆ మండలి అడిగింది మూడో అవయవాన్నే. ఏ వంటింట్లో చూశావు, ఎన్నిసార్లు చూశావు, ఎన్నిసార్లు తప్పింది అని నాన్నగారు అడిగినదే వాళ్లూ అడిగారు.

చేతి మీది మసి సంగతీ ఇంతే. ఒకప్పుడు అనుమానితుడి చేతికి వెచ్చటి పారఫిన్ మైనం పూసి, పొరలా ఊడదీసి, దాని మీద రసాయనం చుక్కలు వేసేవారు. నీలం రంగు వస్తే తుపాకీ పేల్చాడన్నమాట. కానీ ఆ రంగు నైట్రేట్లకు వస్తుంది. ఎరువు చల్లిన రైతు చేతికీ వస్తుంది, పొగాకు పట్టిన చేతికీ వస్తుంది. మన గుంటూరు, ప్రకాశం పల్లెల్లో ఆ పరీక్ష పెడితే నిర్దోషి చేతులెన్ని నీలమయ్యేవో ఆలోచించండి. 1960ల్లో ఇంటర్‌పోల్ సదస్సులో శాస్త్రజ్ఞులు ఆ పరీక్షను పక్కన పెట్టమన్నారు. ఇప్పుడు ఎలక్ట్రాన్ మైక్రోస్కోప్ కింద సీసం, బేరియం, యాంటిమొనీ మూడూ కలిసిన గుండ్రటి రేణువుల కోసం చూస్తాం. అవి ప్రైమర్‌లోంచి వస్తాయి, చాలా మెరుగైన గుర్తు. అయినా దొరికితే పేల్చాడని అర్థం కాదు. పేల్చినవాడి పక్కన నిలబడినా, పేలిన తుపాకీని ముట్టుకున్నా, తుపాకులు మోసే పోలీసులు పట్టుకుని జీపులో కూర్చోబెట్టినా అంటుకోవచ్చు. నిప్పు ఉన్నంత మాత్రాన పొగ రాదు, పచ్చి కట్టె తగిలితేనే వస్తుంది. దాన్ని ఉపాధి అంటారు తర్కంలో. రేణువుకూ పేల్చిన చేతికీ మధ్య ఇలాంటి ఉపాధులు ఎన్ని ఉన్నాయో వెతకకుండా సంతకం చేయకూడదు.

ఇంతా విని కొందరు పిల్లలు రెండో అంచుకు పోతారు. ఏదీ చెప్పలేమన్నమాట, అన్నిటికీ "తేలలేదు" అని రాస్తే ఏ పాపమూ లేదు కదా అంటారు. అది ప్రత్యక్షం తప్ప వేరే ప్రమాణం లేదనే చార్వాకుడి దారి, నేను ఒప్పుకోను. చచ్చిపోయినవాడికీ ఒక తల్లి ఉంటుంది. మనుస్మృతి ఎనిమిదో అధ్యాయంలో న్యాయసభ గురించి చెబుతూ, సభకు వెళ్లినవాడు తప్పు చెప్పినా, తెలిసి చెప్పకపోయినా దోషం సమానమంటుంది. ఆ గ్రంథంలో నాకు ఒప్పని మాటలు చాలా ఉన్నాయి, ఈ మాటను మాత్రం తలకెత్తుకుంటాను. గీతలు గట్టిగా కలిసినప్పుడు, జాతి లక్షణాలన్నీ కుదిరినప్పుడు, సబ్‌క్లాస్ శంక తీరినప్పుడు, ఇంకొకరు నా ఫలితం తెలియకుండా చూసి అదే చెప్పినప్పుడు, ఔను అని రాయాలి. నిందితుడు ఎంత పెద్దవాడైనా రాయాలి. కలువా కేసులో సుప్రీంకోర్టు ముందుకు వచ్చినవి హతుడి మంచం దగ్గర దొరికిన గుల్ల, నిందితుడి దగ్గర దొరికిన నాటు పిస్తోలు. ఆ రెండింటినీ కలిపింది నిపుణుడి మైక్రోస్కోపే. ఆ సాక్ష్యం లేకపోతే ఆ నేరం అంత గట్టిగా రుజువయ్యేది కాదు.

మరి ఔననీ కాదనీ చెప్పలేని చోట? ఏజెన్సీ ప్రాంతం నుంచి మా ప్రయోగశాలకు ఒకసారి లక్క సీళ్లతో రెండు నాటు తుపాకులు వచ్చాయి, ఒక యువకుడి ఒంట్లోంచి తీసిన సీసపు ముక్కలు వచ్చాయి. అడవి పందుల నుంచి చేను కాపాడుకోవడానికి కొండల్లో వాడే తుపాకులవి. మూతిలోంచి తుపాకీ మందు పోసి, పీచు కుక్కి, సీసం ముక్కలు వేసి, టోపీ పెట్టి పేలుస్తారు. గొట్టం నున్నగా ఉంటుంది, గాడులుండవు, గుల్ల ఉండదు. రెండూ పేలే స్థితిలో ఉన్నాయని, రెండింట్లోనూ పేలిన ఆనవాళ్లున్నాయని చెప్పగలిగాను. ఆ సీసం రెండింటిలో దేన్నుంచి వచ్చిందో చెప్పే గుర్తు ఏదీ లేదు. దర్యాప్తు అధికారి ఫోన్ చేశారు. మంచి మనిషి. "మేడమ్, ఎవరు చేశారో ఊరంతటికీ తెలుసు. మీరొక్క లైను రాస్తే చాలు, ఆ కుటుంబానికి న్యాయం జరుగుతుంది" అన్నారు. ఊరంతటికీ తెలిసింది నిజమే కావచ్చు. నాకు తెలియదు. నిర్ధారించడం సాధ్యం కాదని రాసి పంపాను. కేసు కొట్టేశారు.

చనిపోయిన ఆ యువకుడి ఇంటివాళ్లకు న్యాయం జరగలేదు. అది మామూలు సంగతి అని నేనెప్పుడూ అనుకోలేదు, ఆ బాధ నాలో ఉంది. కానీ ఆ లైను రాసి ఉంటే, రెండు తుపాకుల్లో ఒకదాని యజమానిని పందెం వేసి జైలుకు పంపినదాన్ని అయ్యేదాన్ని. న్యాయం చేయాలనే కోరిక ఎంత మంచిదైనా గుర్తు లేని చోట గుర్తును పుట్టించలేదు. తర్కశాస్త్రంలో హేత్వాభాసలు, అంటే హేతువులా కనిపించే తప్పుడు హేతువులు, ఐదు చెప్పారు. దయతో పుట్టిన హేత్వాభాసను లెక్కలో చేర్చలేదు గానీ, ప్రయోగశాలల్లో నేను ఎక్కువగా చూసింది దాన్నే.

చట్టం మా మాటకు చాలా గౌరవం ఇచ్చింది. 2024 జులై 1న అమల్లోకి వచ్చిన భారతీయ సాక్ష్య అధినియమంలో 39వ సెక్షన్ నిపుణుడి అభిప్రాయాన్ని సాక్ష్యంగా అంగీకరిస్తుంది, పాత చట్టంలో 45వ సెక్షన్‌లాగే. అదే రోజు అమల్లోకి వచ్చిన నాగరిక సురక్షా సంహిత 329వ సెక్షన్ ప్రకారం, ప్రభుత్వ ఫోరెన్సిక్ ప్రయోగశాలల అధికారుల నివేదికను వాళ్లు కోర్టుకు రాకపోయినా సాక్ష్యంగా వాడుకోవచ్చు. అంటే చాలా కేసుల్లో ఆ చివరి వాక్యాన్ని ఎవరూ ఏమీ అడగరు. కాగితం ఒక్కటే బోనెక్కుతుంది.

అందుకే మా విద్యార్థుల చేత నివేదికలు ఐదు అవయవాలతో రాయిస్తున్నాను. మూడోది లేకపోతే మార్కులు వేయను. గుంటూరు అమ్మాయి తన మొదటి నివేదికలో "జాతి లక్షణాలు సరిపోయాయి, వ్యక్తి లక్షణాలు చాలవు, తేలలేదు" అని రాసింది. సరైన జవాబు అదే.

న్యాయవాదులకూ, న్యాయమూర్తులకూ, రేపు ఎప్పుడైనా ఒక కేసులో ఇలాంటి నివేదిక చేతికొచ్చే మామూలు మనుషులకూ నా విన్నపం ఒకటుంది. చివరి వాక్యం చదివి కాగితం మడిచేయకండి. ఎన్ని గీతలు కలిశాయి, ఫొటోలు తీశారా, రెండో నిపుణుడు విడిగా చూశాడా, ఇలాంటి పోలికలో తప్పు ఎంత తరచుగా వస్తుంది అని అడగండి. జవాబు కాగితంలో లేకపోతే రాసినవారిని పిలిపించమని కోర్టును కోరండి. అలా పిలిపించే అధికారం అదే 329వ సెక్షన్ కోర్టుకు ఇచ్చింది.